చేతికి మాత్రమే మత్తు: బరువు ఎక్కువున్నవాళ్లకు సూది ఎక్కడ పడాలి?

బాత్‌రూమ్‌లో కాలు జారి పడితే మణికట్టు విరిగిందనుకోండి. ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు మన తెలుగు కుటుంబాలు ఆ పూట ముందుగా తేల్చుకోవలసింది ఎటు వెళ్లాలన్నది. బరంపురమా, శ్రీకాకుళమా, ఏకంగా విశాఖేనా? రాయగడ వాళ్లయితే పెద్దగా ఆలోచించరు, విశాఖ రైలెక్కేస్తారు. ఎటు వెళ్లినా ఎముకల డాక్టరు చెప్పేది ఇంచుమించు ఒకటే: ప్లేటు వెయ్యాలి, లేదా తీగలు పెట్టాలి. మాట మారేది మత్తు దగ్గర. ఒకచోట "ఫుల్ మత్తు ఇస్తాం" అంటారు. ఇంకోచోట "అక్కర్లేదు, చేతికి మాత్రమే ఇస్తాం" అంటారు. మూడోచోట పేషెంటును పైనుంచి కిందికి ఓసారి చూసి, "ఈ బరువుకి ఐసీయూ ఉన్న చోటికి తీసుకెళ్లండి" అని పంపేస్తారు.

ఇంట్లోవాళ్లకు టెన్షన్ మొదలయ్యేది అక్కడే. ముగ్గురిలో ఎవరో ఒకరు తప్పు చెబుతున్నారని అనిపిస్తుంది. నిజానికి ముగ్గురూ సరిగ్గానే చెప్పి ఉండొచ్చు. ఎందుకంటే లావు మనిషి విషయంలో "ఫుల్ మత్తా, చేతికి మాత్రమేనా" అన్నది సగం ప్రశ్నే. చేతికి మాత్రమే అనుకున్నాక, సూది ఎక్కడ గుచ్చుతారన్నది మిగతా సగం. ఆ సగం గురించి వార్డుల్లో ఎవరూ పెద్దగా మాట్లాడరు.

చెయ్యి ఒక్కటే మొద్దుబారడం ఎలా సాధ్యం

భుజం నుంచి వేలి కొస దాకా చెయ్యి కదలాలన్నా, నొప్పి తెలియాలన్నా ఆధారం చాలావరకు మెడలోంచి వచ్చే అయిదు నరాల మూలాలే. మెడ వెన్నులో అయిదో నరం మొదలు ఛాతీ వెన్నులో మొదటి నరం దాకా ఈ అయిదూ బయటికి వచ్చి, కలిసి, విడిపోయి, మళ్లీ కలిసి, కాలర్ ఎముక కిందుగా చంకలోకి దిగుతాయి. ఈ అల్లికను బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. దాని చుట్టూ లిడోకెయిన్, బుపివకెయిన్, రోపివకెయిన్ లాంటి మందు పోస్తే నరంలో సంకేతాలు కొన్ని గంటలపాటు ఆగిపోతాయి. మనిషి మెలకువగానే ఉంటారు, చెయ్యి మాత్రం తనది కానట్టు పడి ఉంటుంది. దీనికే నర్వ్ బ్లాక్ అని పేరు.

వంశధార కాలవ సంగతి తెలిసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తల దగ్గర తూము మూస్తే కింద పొలాలన్నీ ఎండుతాయి, పిల్లకాలవ దగ్గర మూస్తే ఆ ఒక్క మడే ఎండుతుంది. ప్లెక్సస్‌లోనూ ఎక్కడ ఆపుతామన్నదే లెక్క, మెడ దగ్గర ఆపితే ప్రభావం భుజం మీద ఎక్కువ, చంక దగ్గర ఆపితే మోచేతి కింద ఎక్కువ.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1884 తర్వాత అమెరికన్ సర్జన్ హాల్‌స్టెడ్ చర్మం కోసి, ఈ నరాలను కంటితో చూసుకుంటూ కొకెయిన్ పెట్టాడు. 1911లో జర్మనీలో హిర్షెల్ చంకలోంచీ, కూలెన్‌కాంఫ్ కాలర్ ఎముక పైనుంచీ చర్మం మీదుగా సూదితో చేసి చూపించారు. కూలెన్‌కాంఫ్ మొదట తన చేతి మీదే ప్రయోగించుకున్నాడు. ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు డాక్టర్లు వేలితో ఎముకనూ నాడినీ తడుముకుని, అంచనా మీదే సూది గుచ్చారు. 1994లో వియన్నా బృందం ఒకటి అల్ట్రాసౌండ్ తెర మీద నరాలను చూస్తూ కాలర్ ఎముక పైన బ్లాక్ చేసింది. లావు మనుషుల విషయంలో లెక్క మారింది అప్పటి నుంచే. వేలికి తగలని ఎముక తెర మీద కనబడుతుంది.

బరువుకీ ఊపిరికీ ఉన్న లంకె

లావును కొలిచే మామూలు లెక్క బీఎంఐ. కిలోల బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. 158 సెంటీమీటర్ల ఎత్తు, 104 కిలోల బరువున్న ఒక గృహిణిని ఊహించుకుందాం. 104ను 1.58తో రెండుసార్లు భాగిస్తే సుమారు 41.7 వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 30 దాటితే స్థూలకాయం, 40 దాటితే తీవ్ర స్థూలకాయం. మన దేశస్తులకు తక్కువ బరువులోనే జబ్బులు వస్తున్నాయని 2009లో భారతీయ నిపుణులు 25నే స్థూలకాయపు గీతగా పెట్టారు. మత్తు డాక్టర్లకు అసలు కంగారు మొదలయ్యేది మాత్రం 35, 40 దగ్గరే.

కంగారు బరువు గురించి కాదు, ఊపిరి గురించి. పొట్ట, ఛాతీ మీది కొవ్వు ఊపిరితిత్తులను కిందనుంచీ పైనుంచీ నొక్కుతుంది. వెల్లకిలా పడుకోబెడితే ఇంకా నొక్కుతుంది. గాలి వదిలాక కూడా లోపల మిగిలి ఉండే నిల్వ బాగా తగ్గిపోతుంది. ఫుల్ మత్తు ఇచ్చేటప్పుడు ముందుగా ఆక్సిజన్ పట్టించి, తర్వాత ఊపిరి ఆపి, గొంతులోంచి ఊపిరి గొట్టం వేస్తారు. ఆ మధ్య కాలంలో మనిషిని కాపాడేది ఆ నిల్వే. 1991లో వచ్చిన ఒక అధ్యయనంలో, రక్తంలో ఆక్సిజన్ 90 శాతానికి పడిపోవడానికి మామూలు బరువువాళ్లకు సగటున ఆరు నిమిషాలు పట్టింది. తీవ్ర స్థూలకాయులకు మూడు నిమిషాలు కూడా పట్టలేదు. లావు మెడలో గొట్టం వెయ్యడం కష్టమైతే ఆ తేడా ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

దీనికి గురక తోడవుతుంది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు, స్లీప్ ఆప్నియా, లావు మనుషుల్లో ఎక్కువ. చాలామందికి అది ఉందనే తెలియదు. అందుకే ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు "గురక పెడతారా, పగలు కునికిపాట్లు పడతారా, నిద్రలో ఊపిరి ఆగడం ఇంట్లో ఎవరైనా చూశారా, బీపీ ఉందా" అని అడుగుతారు. వీటికి 35 దాటిన బీఎంఐ, 50 దాటిన వయసు, 40 సెంటీమీటర్లు దాటిన మెడ చుట్టుకొలత, మగవాళ్లు కావడం కలిపితే ఎనిమిది ప్రశ్నల స్టాప్‌బ్యాంగ్ అనే లెక్క అవుతుంది. మూడింటికి అవునని వస్తే అనుమానం, అయిదు గానీ ఇంకా ఎక్కువ గానీ వస్తే గట్టి అనుమానం. మన ఇళ్లలో ఈ ప్రశ్నకు పేషెంటు "లేదండీ" అంటారు, వెనక నిలబడ్డ కోడలు నవ్వుతుంది. డాక్టరు నమ్మేది కోడల్నే. ఇలాంటివాళ్లకు మార్ఫిన్ జాతి నొప్పి మందులు ఇస్తే ఊపిరి మరీ మందగిస్తుంది. బ్లాక్ ఇస్తే ఆ మందుల అవసరం బాగా తగ్గుతుంది.

ఇంతదాకా చూస్తే బ్లాకే మంచిదని తేలిపోయినట్టుంది. చిక్కు ఇక్కడే ఉంది.

నాలుగు చోట్లు, నాలుగు రకాల బేరం

మెడ పక్కన రెండు కండరాల మధ్య ఇచ్చేది ఇంటర్‌స్కేలీన్ బ్లాక్. భుజం ఆపరేషన్లకు పేరున్నది ఇదే. కానీ ఊపిరిని నడిపే ముఖ్యమైన కండరం, ఊపిరితిత్తులకూ పొట్టకూ మధ్య ఉండే ఉదరవితానం, దానికి వెళ్లే ఫ్రెనిక్ నరం ఆ పక్కనుంచే దిగుతుంది. పాత పద్ధతిలో 20 మిల్లీలీటర్లకు పైగా మందు పోస్తే ఆ వైపు ఉదరవితానం దాదాపు ప్రతి ఒక్కరిలోనూ చచ్చుబడుతుంది. పీల్చి వదలగలిగే గాలి పావు వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది. సన్నటి కుర్రాడికి అది తెలియను కూడా తెలియదు, రెండో వైపు సర్దేస్తుంది. పైన చెప్పిన 104 కిలోల గృహిణికి ఆ పావు వంతు ఎక్కడినుంచి తేవాలి? ఊపిరిని కాపాడడానికే ఫుల్ మత్తు మానేసి, ఊపిరినే సగం కట్టేసే బ్లాక్ ఇచ్చినట్టవుతుంది.

మందు తగ్గిస్తే? 2008లో కెనడాలో పోల్చి చూశారు. 20 మిల్లీలీటర్లు ఇచ్చినవాళ్లందరిలోనూ ఉదరవితానం దెబ్బతింది, 5 మిల్లీలీటర్లు ఇచ్చినవాళ్లలో 45 శాతం మందిలోనే. నొప్పి తగ్గడంలో పెద్ద తేడా లేదు. మేలే, కానీ 45 శాతం అంటే తక్కువేమీ కాదు. అందుకే కొంతమంది ఇంకాస్త కిందికి జరిగి సుపీరియర్ ట్రంక్ అనే కట్ట దగ్గర ఇస్తారు. ఇంకొంతమంది మెడ జోలికే పోకుండా భుజానికి వెళ్లే రెండు నరాలను, సుప్రాస్కాపులర్‌నూ ఆగ్జిలరీ నరాన్నీ, విడివిడిగా మొద్దుబారుస్తారు. నొప్పి తగ్గడానికి ఇవి పనికొస్తాయి. భుజం ఆపరేషన్ మొత్తాన్ని వీటి మీదే నడపడం మాత్రం కష్టం, ఫుల్ మత్తు తోడు కావాలి.

కాలర్ ఎముకకు సరిగ్గా పైన ఇచ్చేది సుప్రాక్లావిక్యులర్. ఇక్కడ ప్లెక్సస్ అంతా ఒకేచోట కుదురుగా ఉంటుంది కాబట్టి తొందరగా, గట్టిగా పనిచేస్తుంది. ఆ కాస్త చోట్లోనే పక్కన రక్తనాళం, కింద మొదటి పక్కటెముక, దాని పక్కనే ఊపిరితిత్తి. వేలితో తడిమి గుచ్చే రోజుల్లో ఊపిరితిత్తికి చిల్లు పడుతుందనే భయంతో చాలామంది దీని జోలికి పోలేదు. అల్ట్రాసౌండ్ వచ్చాక ఆ భయం బాగా తగ్గింది, పోలేదు. ఫ్రెనిక్ నరానికి మందు తగలడం కూడా సగం మంది దాకా ఉండొచ్చు.

కాలర్ ఎముక కింద, ఛాతీ కండరాల వెనక ఇచ్చేది ఇన్‌ఫ్రాక్లావిక్యులర్. మోచెయ్యి, ముంజేయి, అరచేతి ఆపరేషన్లకు సరిపోతుంది, ఉదరవితానానికి ముప్పు చాలా తక్కువ. లావు మనిషిలో దీని ఇబ్బంది లోతు. ఛాతీ మీది కొవ్వు దాటి సూది నిటారుగా దిగాలి, నిటారుగా దిగే సూది అల్ట్రాసౌండ్‌లో సరిగ్గా కనబడదు. చేతిని పక్కకు తొంభై డిగ్రీలు చాపితే కాలర్ ఎముక పైకి జరిగి చోటు దొరుకుతుంది. ఎముక వెనకనుంచి సూదిని ప్రోబ్‌కు (చర్మానికి ఆనించే అల్ట్రాసౌండ్ పరికరానికి) సమాంతరంగా నడిపే పద్ధతి, కాలర్ ఎముకకూ మొదటి పక్కటెముకకూ మధ్య ఇచ్చే కాస్టోక్లావిక్యులర్ పద్ధతి, ఈ ఇబ్బందికి వెతుక్కున్న దారులే.

ఇక చంకలో ఇచ్చే ఆగ్జిలరీ బ్లాక్. ఊపిరితిత్తి దూరం, ఫ్రెనిక్ నరం దూరం. పొరపాటున రక్తనాళానికి తగిలినా పైనుంచి అదిమి పట్టుకోవచ్చు. మణికట్టు విరిగిన మన గృహిణికి చాలామంది మత్తు డాక్టర్లు మొదట ఆలోచించేది దీన్నే. అయితే ఇక్కడికి వచ్చేసరికి నరాలు విడిపోయి ఉంటాయి, ఒక్క పోటుతో పని జరగదు. ముంజేతి బయటివైపు స్పర్శ చూసే నరం అప్పటికే పక్క కండరంలోకి వెళ్లిపోయి ఉంటుంది, దానికి వేరే పోటు పొడవాలి. విరిగిన చేతిని చాపి చంక తెరిచి పెట్టడం కూడా అందరి వల్లా కాదు. మోచేతి పైన నెత్తురు ఆపడానికి కట్టే టూర్నికే పట్టీ నొప్పికి కారణాలు వేరే ఉన్నాయి, అందులో చంక లోపలి వైపు స్పర్శ చూసే నరం అసలు ప్లెక్సస్‌ది కాదు. పట్టీ దగ్గర విడిగా ఓ ఇంజెక్షన్ ఇవ్వడం అందుకే. లావు చెయ్యి పైన దళసరిగా, కింద సన్నగా ఉండడంతో మామూలు పట్టీ జారుతుంది, వెడల్పుది కావాలి.

తెర మీద ఏం కనబడుతుంది

బ్లాక్ గదిలోకి ఒకసారి తొంగి చూద్దాం. పేషెంటును పూర్తిగా పడుకోబెట్టరు. భుజాల కింద మడతపెట్టిన దుప్పట్లు పేర్చి, సగం కూర్చున్నట్టు ఉంచుతారు, ఊపిరికి అదే హాయి. ముక్కుకు ఆక్సిజన్. మెడ దగ్గర మడతల్ని ఒకరు అరచేత్తో వెనక్కి లాగి పట్టుకుంటారు, లేదా వెడల్పాటి ప్లాస్టర్‌తో కిందికి కట్టేస్తారు. డాక్టరు జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తారు. తెర మీద నల్లగా గుండ్రంగా కొట్టుకుంటున్నది రక్తనాళం. దాని పక్కన గుంపుగా ఉన్న చిన్న చిన్న నల్లటి చుక్కలు నరాలు. కింద తెల్లగా మెరిసే గీతల్లో కదలనిది పక్కటెముక, ఊపిరితో పాటు జారుతున్నది ఊపిరితిత్తి పొర. సూది కొస ఆ రెండో గీతను చేరకూడదు.

సన్నటివాళ్లలో కాలర్ ఎముక పైన ఇదంతా ఒకటి రెండు సెంటీమీటర్ల లోతులోనే ఉంటుంది. కొవ్వు పెరిగేకొద్దీ ధ్వని తరంగాలు దారిలోనే చెదిరిపోతాయి. ఎక్కువ ఫ్రీక్వెన్సీ ప్రోబ్ స్పష్టంగా చూపిస్తుంది కానీ లోతుకు పోదు. తక్కువ ఫ్రీక్వెన్సీది లోతుకు పోతుంది కానీ బొమ్మ మసక. రెండూ ఒకేసారి దొరకవు. అయితే ఇక్కడ ఒక ఊరట ఉంది. లావు మనుషుల్లో కూడా కాలర్ ఎముక పైన కొవ్వు తొడల్లోలా పేరుకోదు, అందుకే కాలి బ్లాకులకన్నా చేతి బ్లాకులు నయం.

అంకెలు ఏమంటున్నాయి? 2005లో అమెరికాలో 9,038 బ్లాకులను పరిశీలిస్తే, బీఎంఐ 30 దాటినవాళ్లలో బ్లాక్ విఫలమయ్యే అవకాశం మిగతావాళ్లకన్నా 1.62 రెట్లు ఉంది. మరుసటి ఏడు 2,020 సుప్రాక్లావిక్యులర్ బ్లాకులను లెక్కేస్తే స్థూలకాయుల్లో 94.3 శాతం, మిగతావాళ్లలో 97.3 శాతం పనిచేశాయి. మొదటి అంకె విని బెదిరిపోనక్కర్లేదు, రెండోది విని నిశ్చింతగా ఉండిపోకూడదు. వందలో తొంభై నలుగురికి పనిచెయ్యడం మంచి ఫలితమే. మిగిలిన ఆరుగురికి ఏం చేస్తారన్నది ముందే అనుకుని ఉండాలి.

ఈ గదిలో మాట కూడా ఒక పరికరమే. సూది నరానికి మరీ దగ్గరైతే వేళ్లలోకి కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటుంది. మందు రక్తంలోకి పోతుంటే పెదవుల చుట్టూ తిమ్మిరి, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో గింగురుమనడం మొదలవుతాయి. ఇవి మొదట తెలిసేది పేషెంటుకే. తెలుగు తప్ప రాని పెద్దావిడ, ఒడియా మాట్లాడే డాక్టరు ఉన్నప్పుడు, "ఏదైనా తేడాగా ఉంటే చెప్పండమ్మా" అని ముందుగా తెలుగులో చెప్పే నర్సమ్మ ఒకరు పక్కన ఉండడం చిన్న విషయం కాదు.

బరువు రెట్టింపైతే మందూ రెట్టింపా

"డాక్టరు గారూ, మా అమ్మ లావు కదా, మందు ఎక్కువ పడుతుందేమో?" అందరూ అడిగే ప్రశ్న ఇదే. కాదనడానికి లెక్క చూడండి.

బుపివకెయిన్‌ను కిలోకు 2 మిల్లీగ్రాములు మించకుండా ఇవ్వాలని అనుకుందాం. 104 కిలోలకు లెక్కేస్తే 208 మిల్లీగ్రాములు. అర శాతం మందులో మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి 41 మిల్లీలీటర్లకు పైమాటే. కానీ కొవ్వు పెరిగినంత మాత్రాన నరాలు లావెక్కవు, గుండె, మెదడు కూడా రెట్టింపు మందును తట్టుకోలేవు. అందుకే ఎత్తుకు తగ్గ బరువు చూస్తారు. ఆడవాళ్లకు సులువు లెక్క, ఎత్తులోంచి 105 తీసెయ్యడం. 158లోంచి 105 పోతే 53 కిలోలు. 53ను రెండుతో గుణిస్తే 106 మిల్లీగ్రాములు, అంటే 21 మిల్లీలీటర్లు. పైన వచ్చిన దాంట్లో సగం. అల్ట్రాసౌండ్‌తో నరం పక్కనే పొయ్యగలిగితే 20 మిల్లీలీటర్లు సరిపోతాయి, చూడకుండా పోస్తే చాలవు. లావు మనిషికి అల్ట్రాసౌండ్ సౌకర్యం కాదు, అవసరం అనడానికి ఇదొక కారణం. రెండు రకాల మందులు కలిపితే విషప్రభావం కూడా కలుస్తుంది, ఒక్కోదానికీ విడి హద్దు ఉందనుకోకూడదు.

మందు రక్తంలోకి పోయి ఫిట్స్ వచ్చినా, గుండె లయ తప్పినా ఇచ్చేది 20 శాతం లిపిడ్ ఎమల్షన్, తెల్లటి కొవ్వు ద్రావణం. దీనితో ఒక మనిషి ప్రాణం నిలిచిన మొదటి సంఘటన 2006లో నమోదైంది. మూడోచోట డాక్టరు "ఐసీయూ ఉన్నచోటికి వెళ్లండి" అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నవి చాలావరకు ఇవే: ఆ సీసా, వెంటిలేటరు, గొట్టం వెయ్యడంలో చెయ్యి తిరిగిన రెండో మనిషి.

ఫుల్ మత్తే నయమనేవాళ్ల వాదన

వాళ్ల మాట కొట్టిపారెయ్యలేం. బ్లాక్ సగమే పనిచేసి, ఆపరేషన్ మధ్యలో నొప్పి పుడితే ఏం చేస్తారు? "కొంచెం నిద్రపట్టే మందు ఇవ్వండి" అంటారు సర్జన్. గురక జబ్బున్న మనిషికి ఆ కొంచెమే ఎక్కువవుతుంది. గుడ్డలు కప్పేసిన టేబుల్ మీద, తల ఎటో ఉండగా, హడావిడిగా గొట్టం వెయ్యాల్సి వస్తే అది మొదట్లోనే నింపాదిగా వేసిన దానికన్నా ఎన్నో రెట్లు ప్రమాదం. అందుకని అనుభవమున్న చేతులు, గొంతు లోపలిని తెర మీద చూపించే వీడియో లారింజోస్కోప్ ఉన్నచోట ముందే గొట్టం వేసి, పైగా నొప్పికి బ్లాక్ కూడా ఇవ్వడం మంచిదని వాళ్లంటారు. బ్లాకే మేలనేవాళ్ల జవాబు: బ్లాక్ పనిచేసిందో లేదో కత్తి పెట్టకముందే గిచ్చి, ఐస్ పెట్టి చూడాలి, ఒక నరం మిగిలిపోతే మోచేతి దగ్గర దానికి విడిగా ఇంజెక్షన్ ఇవ్వొచ్చు, తొందరపడితేనే ఈ తిప్పలు. రెండు వైపులా నిజముంది. తేల్చేది చాలావరకు ఆ ఆసుపత్రిలో ఆ రోజు ఎవరున్నారు, ఏముందన్నదే.

సర్జన్లకు వేరే అభ్యంతరం ఉంటుంది. పై చేతి ఎముక మధ్యలో విరిగితే దాన్ని చుట్టుకుని వెళ్లే రేడియల్ నరం దెబ్బతిని మణికట్టు వేలాడిపోవచ్చు. ప్లేటు వేశాక చెయ్యి ఎత్తమని చూడాలి, మొద్దుబారిన చెయ్యి ఎత్తలేదు. నలిగిన ముంజేయిలో వాపు పెరిగి కండరాలకు నెత్తురు ఆగిపోయే ప్రమాదానికి మొదటి గుర్తు భరించలేని నొప్పి. బ్లాక్ దాన్ని కప్పేస్తుందని వాళ్ల భయం. తక్కువ గాఢత మందు ఇస్తే కప్పదనీ, నొప్పి మీదే ఆధారపడకుండా కనిపెట్టుకుని ఉండాలనీ మత్తు డాక్టర్లు అంటారు. ఈ వాదం ఇంకా తెగలేదు.

కిడ్నీ పేషెంట్ల సంగతి వేరు. మా సరిహద్దు అవతలే, శ్రీకాకుళం జిల్లాలో, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఉంది కాబట్టి చెప్పాలి. డయాలసిస్ కోసం చేతిలో ఫిస్టులా (ధమనినీ సిరనూ కలిపే దారి) పెట్టేటప్పుడు బ్లాక్ ఇస్తే రక్తనాళాలు వెడల్పవుతాయి. 2016లో గ్లాస్గోలో జరిగిన పరీక్షలో మూడు నెలల తర్వాత పనిచేస్తున్న ఫిస్టులాలు బ్లాక్ ఇచ్చినవాళ్లలో 84 శాతం, చర్మం కింద మాత్రమే మత్తు ఇచ్చినవాళ్లలో 62 శాతం.

వార్డులోకి వచ్చాక

మెడ దగ్గర, కాలర్ ఎముక పైన బ్లాక్ ఇచ్చాక కొందరికి ఆ వైపు కనురెప్ప వాలిపోతుంది, కంటిపాప చిన్నదవుతుంది, గొంతు బొంగురుపోతుంది. చూసినవాళ్లు పక్షవాతమని హడలిపోతారు. పక్క నరాలకు కాస్త మందు తగలడం వల్ల వచ్చేది అది, మత్తు దిగేసరికి పోతుంది. ఆయాసం వస్తే మాత్రం వెంటనే చెప్పాల్సిందే.

బుపివకెయిన్ ఇచ్చిన చెయ్యి పన్నెండు గంటలు, ఒక్కోసారి అంతకు మించి మొద్దుగా ఉంటుంది. అదే రోజు బస్సులో ఇంటికి వచ్చేవాళ్లకు ఇదే అసలు ప్రమాదం: కిటికీ ఊచకు మోచెయ్యి నొక్కుకుపోతున్నా తెలియదు, వేడి టీ గ్లాసు వేళ్లకు కాలుతున్నా తెలియదు. చేతికి గుడ్డ ఉయ్యాల అందుకే కడతారు. మత్తు దిగేది తరచు అర్ధరాత్రి. దిగాక నొప్పి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది, కొందరిలో బ్లాక్ లేనివాళ్ల నొప్పికన్నా ఎక్కువగా. మొద్దు ఉండగానే మాత్రలు మొదలుపెట్టమని డాక్టర్లు రాసేది ఈ నొప్పి కోసమే. "ఇప్పుడు నొప్పే లేదు కదా, మాత్ర ఎందుకు" అని దాచిపెట్టేవాళ్లు ఆ రాత్రి నిద్రపోరు.

రెండు రోజులు దాటినా తిమ్మిరి, బలహీనత పోకపోతే మళ్లీ చూపించుకోవాలి. చాలావరకు వారాల్లో సర్దుకుంటుంది. శాశ్వతంగా, లేదా చాలాకాలం నరం దెబ్బతినడం పదివేల బ్లాకుల్లో రెండు నుంచి నాలుగు. షుగరు ఉన్నవాళ్ల నరాలు ముందే నీరసించి ఉంటాయి కాబట్టి వాళ్లలో మొద్దు ఎక్కువసేపు నిలవొచ్చు, దెబ్బతినే అవకాశమూ కొంచెం ఎక్కువ. లావుతో పాటు షుగరు కూడా ఉన్నవాళ్లు మన ఇళ్లలో తక్కువేం కాదు కాబట్టి, బ్లాక్‌కు ముందే ఏ వేలికి తిమ్మిరి ఉందో, ఏ వేలికి లేదో డాక్టరు కేసు షీటులో రాసుకుంటారు. తర్వాత పోల్చి చూసుకోవడానికి ఆ ఒక్క వాక్యమే ఆధారం.